రెండు గదుల ఇంట్లో మేకపిల్ల

2023 వానాకాలం. చండ్రుగొండ దగ్గర ఒక పశువుల దవాఖానాలో డాక్టరుగా పనిచేస్తున్నాను. దవాఖానా వెనక గోడ దాటితే జామాయిల్ తోట, తోట దాటితే అడవి. అక్కడ వాన పట్టిందంటే ఒక పట్టాన వదలదు. అడవి మీద నుంచి తెల్లటి ఆవిరి లేచి మా ప్రహరీ దాకా వస్తుంది. మధ్యాహ్నం సాయంత్రంలా ఉంటుంది, సాయంత్రం ఎప్పుడైందో తెలియదు. రేకుల మీద వాన చప్పుడు వింటూ కూర్చుంటే మెలకువగా ఉన్నానో కలలో ఉన్నానో చెప్పలేని ఒక తీరుకు మనసు జారిపోతుంది. "మా డాక్టరమ్మకు వానొస్తే నిద్రొస్తది" అని మా అటెండర్ ఊరంతా చాటాడు. అది అబద్ధమేమీ కాదు. ఈ కేసు తేలడానికి ఆ నిద్రే కారణం కాబట్టి ఇక్కడ దాచుకోవడం లేదు.

అలాంటి ఒక రోజు రూతమ్మ దుప్పటి మూట ఒకటి గుండెకు హత్తుకుని ఆటో దిగింది. అరవై దాటిన మనిషి. ఉతికి గంజిపెట్టిన చీర, పిన్ను పెట్టిన కొంగు. మూటలోంచి ఒక నల్లటి మేకపిల్ల తల బయటకు వేలాడుతోంది. నుదుటి మీద తెల్లటి చుక్క ఉంది. దాని పేరు కూడా చుక్కే.

"తింటలేదు డాక్టరమ్మా. లేస్తే కాళ్లు తడబడ్తున్నయ్. నోట్లెకెళ్లి ఒకటే సొంగ. దీని తోడబుట్టింది గిట్లనే ఉండి పోయిన వారం సచ్చిపోయింది. ఇగ నాకు ఇది ఒక్కటే ఉన్నది."

ఒక్కటే అనే మాటను మా టేబుల్ దగ్గర చాలామంది అంటారు. నేను థర్మామీటరు పెడుతూ ఊరికే తలూపాను. ఆమె ఊరుకోలేదు.

"ఒక్కటే అంటే మీకు సమజ్ కాలే. నా పెండ్లప్పుడు మా అమ్మ ఒక మేకపిల్లను నా ఎంట తోలింది. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, గట్ల మంద అయింది. నిరుడు గోదావరి ఇంట్లకొచ్చినప్పుడు ఒక్క మేకనే ట్రాక్టరెక్కించి తెచ్చుకున్న. అది ఈ ఎండకాలం ఈని, రెండు పిల్లల్నిచ్చి పోయింది. ఒకటి సచ్చిపాయె. మా అమ్మ ఇచ్చింది వచ్చి వచ్చి దీని కాడ ఆగింది."

రూతమ్మ నది ఒడ్డున ఉన్న ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. వరద తరవాత మళ్లీ ఆ ఒడ్డుకు పోవడానికి ధైర్యం చాలక, చండ్రుగొండలో రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకుంది. పెరడు లేదు. బట్టలు ఆరేసుకునేంత సందు మాత్రం ఉంది. అందుకే మేకపిల్ల, మూడు కోళ్లు ఆమెతోపాటు ఆ రెండు గదుల్లోనే ఉంటున్నాయి.

మా వృత్తిలో హిస్టరీ అని ఒకటుంటుంది. నోరులేని జీవం తరఫున యజమాని చెప్పే కథ అది. ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది, ఎక్కడ తిరిగింది, పేడ ఎలా ఉంది అని అడుగుతాం. రోగం సగం ఆ కథలోనే దొరుకుతుంది. రూతమ్మ ఆసుపత్రిలో మెలిగిన మనిషి గనుక చాలా బాగా చెప్పింది. ఆవుపాలు కాచి, చల్లార్చి, మరిగించిన సీసాతో తాగిస్తుంది. అడవి అంచు నుంచి లేతాకు మండలు కోసుకొచ్చి, కడిగి, దూలానికి వేలాడదీస్తుంది. ఎక్కడా తప్పు కనిపించలేదు.

చుక్క ఒళ్లు చల్లగా ఉంది. కండరాలు సన్నగా వణుకుతున్నాయి. పొట్ట కింద చర్మం కందింది. మూత్రం పోస్తే చూశాను, పచ్చటి నలుపులో ఉంది. మూత్రం రంగు మారిందంటే ఏదో విషం లోపలికి వెళ్లిందని మొదటి అనుమానం. అడవి ఆకుల్లో కొన్ని మంచివి కావు. ఆకుల మీదే నా అనుమానం పడింది.

"అమ్మా, మీరు కోసే మండల్లో ఏదో చెడ్డాకు కలుస్తోంది."

"నేను పుట్టినప్పటి సంది మేకల్ల ఉన్న. ఏది ముట్టాలె, ఏది ముట్టొద్దో నాకు తెల్వదా?"

"అయినా కొన్నాళ్లు ఆపండి."

సరేనన్నది గానీ ఆ మాట నచ్చినట్టు లేదు. నేను సెలైన్ ఎక్కించి, యాక్టివేటెడ్ చార్కోల్ తాగించాను. కడుపులోని విషాన్ని పీల్చుకునే బొగ్గు పొడి అది. చుక్కను మా వెనక గదిలో గోనె సంచుల మీద పడుకోబెట్టి, ఆమెను ఇంటికి పంపించాను. రెండో రోజుకు అది లేచి నిలబడింది. ఆ మరునాడు మా అటెండర్ గొడుగు కర్ర కొరికింది. రూతమ్మ వచ్చి ఎత్తుకుని తలంతా ముద్దులు పెట్టి తీసుకెళ్లింది. ఆకుల సంగతి నేనన్నదే నిజమైందని నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉంది.

వారం తిరగకుండా మళ్లీ అదే ఆటో, అదే దుప్పటి మూట వచ్చాయి.

"ఆకు ముట్టియ్యలే డాక్టరమ్మా. మీరు జెప్పినట్టే పచ్చగడ్డి కొనుక్కొచ్చి ఏసిన."

మళ్లీ అదే వణుకు, అదే సొంగ, మూత్రం అదే రంగు. మళ్లీ మా వెనక గదిలో పడుకోబెట్టాం, మళ్లీ కోలుకుంది. ఈసారి రూతమ్మే ఆకు మండలు తెచ్చి నా ముందు వేసింది. చుక్క వాటిని కరకరా నమిలి హాయిగా నెమరు వేసింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని అనడానికి ఇక వీల్లేకపోయింది. ఆకుల్లో విషం లేదు. మా దవాఖానాలో లేనిది, ఆమె ఇంట్లో ఉన్నది ఏదో దీన్ని చంపుతోంది.

"అమ్మా, ఒకసారి మీ ఇల్లు చూడాలి."

ఆమె ముఖం మారింది. "నా ఇల్లు గలీజ్ ఉంటదనుకుంటున్నరా?"

నిజానికి నేను అలాగే అనుకున్నాను. మనిషి మసిలే చోట మేకలుంటే ఎంత తుడిచినా మూత్రం గచ్చులో ఇంకి, మూసిన గదిలో ఘాటెక్కుతుంది. ఆ గాలి పీల్చే పిల్లలు నీరసించి పోతాయి. అలాంటి ఇళ్లు చాలా చూశాను. మాట మింగేసి, మర్నాడు మధ్యాహ్నం వస్తానని చెప్పి చుక్కను ఆమెతో ఇంటికి పంపించాను.

మర్నాడు పొద్దున్నంతా వానలో తిరిగి గొర్రెలకు టీకాలు వేసి, తడిసిన బట్టలతోనే వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఆగిపోయాను. ఆ గదిలో గచ్చు మీదే అన్నం పెట్టుకుని తినొచ్చు. నున్నటి నల్లటి గచ్చు, కిటికీలోంచి వచ్చే వాన వెలుగు అందులో కదులుతోంది. దూలానికి ఆకు మండలు గుత్తులుగా వేలాడుతున్నాయి. గాలికి అవి ఊగితే గచ్చులోని నీడలూ ఊగుతున్నాయి. కుట్టు మిషన్ మీద ఒక కోడి కళ్లు మూసుకుని ముడుచుకుంది. మంచం తలాపున మిగతా రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పైన గోడకు శిలువ, కింద చుక్క. తడి ఆకుల వాసన, అగరొత్తు వాసన, వాటి కింద ఆసుపత్రి వార్డు వాసన. ఇంటిలోకి ఒక చిన్న అడవిని పిలిచి, కడిగి, ఆరబెట్టినట్టు ఉంది.

"కోళ్లకేమైనా అయిందా?" అని అడిగాను.

"వాటికేమైతది, బేషుగ్గ ఉన్నయ్. పొద్దంతా సందుల తిరిగొచ్చి, వాన పడితే గిట్ల పైకెక్కి కూసుంటయ్."

కరెంటు పోయింది. రూతమ్మ టీ పెడతానని లోపలి గదిలోకి వెళ్లింది. నేను గోడకు ఆనుకుని గచ్చు మీదే కూర్చున్నాను. రేకుల మీద వాన ఒకే తీరున కురుస్తోంది. కోడి గొంతులోంచి చిన్నగా గుర్రుమంటోంది. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. నిద్రలో నది ఏదో గది లోపలి నుంచే పారుతున్నట్టుంది, ఒడ్డున ఎవరో నీళ్లు తాగుతున్న చప్పుడు. తపతప, తపతప. చాలాసేపు ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను. వింటూ వింటూనే కళ్లు సగం తెరిచాను.

చుక్క నాకుతోంది. నా కాలి పక్కన, మోకాళ్లు వంచి, మెడ చాపి, గచ్చును నాకుతోంది. తల్లి పొదుగు దొరికినంత శ్రద్ధగా నాకుతోంది. నాకిన చోటు ఆరిపోగానే పక్కకు జరిగి మళ్లీ మొదలుపెడుతోంది.

నిద్ర ఎగిరిపోయింది. గచ్చు మీద వేలు రాసి నాలుకకు తాకించాను. ఉప్పు. దాని వెనకే నాలుకను కాల్చే చేదు.

రూతమ్మ టీ గ్లాసులతో వచ్చి నిలబడింది. "ఏందమ్మా, నేల నాకుతున్నరు?"

"ఇల్లు దేంతో తుడుస్తారు మీరు?"

ఆమె ముఖంలో గర్వం వచ్చింది. గ్లాసులు పెట్టి, మంచం కింద నుంచి ఫినాయిల్ సీసా తీసింది. సీసా పక్కన ఉప్పు డబ్బా కూడా ఉంది.

"మా ఆసుపత్రిల నేర్చుకున్నదే. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి ఫినాయిల్. దాంట్లనే దొడ్డుప్పు గూడ ఏస్త. అది మా వరలక్ష్మమ్మ గారు జెప్పింది. గీ ఇల్లు ఆమెదే. మేకను ఉంచుకుంటే ఉంచుకో, గని ఉప్పు నీళ్లతోని రోజు తుడువాలె, నా ఇంట్ల వాసన రావొద్దన్నది. అట్లనే జేస్తున్న."

"ఫినాయిల్ ఎంత పోస్తారు?"

"వాసన పోయేదాంక."

నల్ల ఫినాయిల్ తారు నుంచి తీసే మందు. దాన్ని నీళ్లలో బాగా పలచన చేసి తుడిచి, తరవాత మంచినీళ్లతో కడిగేయాలి. కడగకపోతే కడుపులోకి పోయినా, తడి నేల మీద పడుకుంటే పొట్ట చర్మంలోంచి ఇంకినా చిన్న జీవాలకు అది విషమే. వణుకు, సొంగ, కందిన పొట్ట, మూత్రం రంగు, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. మామూలుగా ఆ ఘాటుకు మేక మూతి కూడా పెట్టదు. కానీ ఉప్పు ఉంది. మట్టి తగలని, బయట మేయని మేకపిల్లకు ఉప్పు మీద ఎంత ఆకలి ఉంటుందంటే గోడలు కూడా నాకుతుంది. ఉత్త ఫినాయిల్ అయితే దగ్గరికి పోయేది కాదు, ఉత్త ఉప్పు అయితే ఏమీ అయ్యేది కాదు. ఒక ఇంటి ఆచారమూ ఒక ఆసుపత్రి అలవాటూ ఒకే బకెట్లో కలిశాయి.

ఇదంతా ఆమెకు చెప్పాలి. చెబితే తరవాత ఏ ప్రశ్న వస్తుందో నాకు తెలుసు. మందుల పేర్లు, జాగ్రత్తలు ఎన్నో నేర్పిన చదువు ఆ ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో నేర్పలేదు. నెమ్మదిగా, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అంతా విని, సీసా వంక చూసింది.

"అయితే మొదటిది గూడ..."

"అయి ఉంటుందమ్మా."

"నేనే సంపిన్నా?"

"మీకు తెలియదు."

"శుభ్రం జేస్తే బతుకుతరని కదా మాకు జెప్పింది. మా మిషన్ ఆసుపత్రిల దొరసాని డాక్టరమ్మ కాలం సంది గదే జేసినం. బాలింతల వార్డుల నేను తుడిచిన నేల మీద ఎంతమంది పిల్లలు పుట్టిన్రు..." అని చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. "పాలు తాపేటప్పుడు గూడ గీ చేతులే."

ఏడవలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టని సామెత చెప్పి నవ్వుకుంటాం గానీ, నాలుక ఊడినవాళ్ల ఎదురుగా కూర్చుంటే నవ్వు రాదు. ఆమె చేతులు పట్టుకున్నాను. చల్లగా, గరుకుగా ఉన్నాయి. ఆ వాసన నిజంగానే ఉంది, చర్మంలోకి ఇంకిపోయి ఉంది.

గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. వరలక్ష్మి గారు వచ్చారు. కృష్ణా జిల్లా వైపు నుంచి తాతల కాలంలో వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. డాక్టరొచ్చిందని తెలిసి చూడ్డానికి వచ్చినట్టున్నారు. గడప అవతలే నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటండీ డాక్టరు గారూ, అంటురోగమా? మా ఇంట్లో పసిపిల్లలున్నారు."

నేను చెప్పేలోపే రూతమ్మ అన్నది: "రోగం కాదమ్మగారూ. నేను తుడిచిన నీళ్లే."

సంగతంతా ఆవిడకూ చెప్పాను. వింటున్న కొద్దీ ఆవిడ కొంగు ముక్కు మీద నుంచి జారింది.

"ఉప్పు వేయమన్నది నేనేగా. శుక్రవారం శుక్రవారం మేమూ వేసుకుంటాం, దిష్టి పోతుందని. మేకలున్నాయి కదాని రోజూ వేయమన్నా. పాపం, ఈవిడ నేనన్న మాట ఒక్కనాడు తప్పలేదు."

"ఇక మీదట ఈ గదిలో ఉప్పూ ఫినాయిలూ రెండూ వద్దండీ" అన్నాను. "పలకల మధ్య సందులుండే అరుగు ఒకటి వేస్తే మేక దాని మీద పొడిగా పడుకుంటుంది. కింద వరి ఊక, బూడిద పోసి రోజూ ఎత్తిపోయాలి. ఉప్పు దానికి కావాలి గనుక ఉప్పుగడ్డ ఒకటి గోడకు వేలాడదీయాలి."

"వాసన రాదాండీ?"

"వస్తుందండీ. తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మేక కదా."

ఆ జవాబుతో అంతా చెడుతుందేమో అనుకున్నాను. ఇంటావిడ ఒక్క మాటంటే రూతమ్మ మేకను అమ్మేయాలి, లేదా ఇల్లు వెతుక్కోవాలి. మేకతో సహా కిరాయికి ఇచ్చేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? వాన కాస్త తెరిపి ఇచ్చింది. వరలక్ష్మి గారు చాలాసేపు చుక్కనే చూశారు. అది ఆకు మండ కోసం వెనక కాళ్ల మీద లేవబోయి, కాళ్లు తడబడి కూర్చుండిపోయింది.

"మా పాత కిటికీ రెక్కలు పశువుల కొట్టంలో పడున్నాయి రూతమ్మా. సాయంత్రం మనిషిని పంపిస్తా, అరుగు చేయించుకో" అన్నారు. మళ్లీ గొడుగు విప్పుతూ, "వాసనొస్తే మా వైపు కిటికీ మూసుకుంటాలే" అన్నారు.

చుక్క నెమ్మదిగా కోలుకుంది. పొట్టకు నూనె రాసి, గోరువెచ్చటి నీళ్లతో, సబ్బుతో కడిగి, మళ్లీ చార్కోల్ తాగించాం. శీతాకాలానికి కొమ్ములు పెరిగాయి. రూతమ్మ ఆదివారం చర్చికి వెళ్తూ తోవలో దవాఖానాలోకి తొంగి చూసి, బాగుందని చెప్పి వెళ్లేది. మొదటి పిల్ల మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ కేసు తరవాత నా హిస్టరీలో ఒక ప్రశ్న పెరిగింది. ఏం తిన్నది, ఎక్కడ తిరిగింది అని అడిగాక, దాని కోసం మీరు ఏమేం చేస్తున్నారని కూడా అడుగుతాను. పక్కకు నెట్టేసిన పశువుకు ఏం జరిగిందో కనుక్కోవడం తేలిక. ప్రాణంగా చూసుకునే పశువుకు ఏం జరిగిందో కనుక్కోవాలంటే ఆ ఇంటి మంచి అలవాట్లన్నీ అడగాలి. మంచి అలవాటును ఎవరూ తమంతట తాము రోగం ఖాతాలో చెప్పరు. నేనూ మురికి కోసం వెతుకుతూ ఆ ఇంటికి వెళ్లినదాన్నే.

చుక్క పెద్దదయ్యాక రూతమ్మ దాన్ని కారేపల్లి వైపు ఉన్న చుట్టాల మందలో కొన్నాళ్లు ఉంచి తెచ్చింది. మరుసటి ఏడాది చలి మొదలైన రోజుల్లో, ఒక పొద్దున వరలక్ష్మి గారి నుంచి ఫోన్ వచ్చింది. "మా చుక్క ఈనుతోందండీ, మీరు రావాలి" అన్నారు. మా చుక్క అన్నారని తరవాత ఆటోలో గుర్తొచ్చింది.

నేను వెళ్లేసరికే ఈనింది. గదిలో మంచులా పల్చటి కుంపటి పొగ, ఊక వాసన, మేక వాసన, పురిటి వాసన. కిటికీ రెక్కల అరుగు మీద చుక్క నిలబడి ఉంది. దాని కాళ్ల దగ్గర తడితడిగా ఒక ఆడపిల్ల, తల ఎత్తి దించి, ఎత్తి దించి, లోకాన్ని ఇంకా నమ్మనట్టుగా ఉంది. చుక్క దూరంగా నిలబడి దాన్ని అనుమానంగా చూస్తోంది. తొలి ఈత మేకలు కొన్ని తమ పిల్లను గుర్తుపట్టవు, దగ్గరికి రానీయవు. వరలక్ష్మి గారు గడప లోపల, గోడకు ఆనుకుని నిలబడ్డారు.

రూతమ్మ కింద కూర్చుని ఉంది. మోచేతుల దాకా ఉమ్మనీరు, జిగురు. ముఖం మీద కూడా కాస్త అంటుకుంది. పక్కనే బకెట్లో వేడినీళ్లు, సబ్బు ఉన్నాయి. ముట్టుకోలేదు.

"చేతులు కడుక్కోండి అమ్మా, నేను చూస్తాను" అన్నాను.

"ఇప్పుడొద్దు డాక్టరమ్మా" అన్నది మెల్లగా. పిల్లను ఎత్తి చుక్క మూతి దగ్గర పెట్టింది. "నా చేతులకు సబ్బు వాసనుంటే దీనికి గూడ అంటుతది. తల్లికి దాని పిల్ల వాసనే రావాలె."

చుక్క మూతి చాపి వాసన చూసింది. పిల్లను చూసింది, రూతమ్మ చేతులను చూసింది. తరవాత గొంతులో చిన్నగా పలికి, నాకడం మొదలుపెట్టింది. పిల్లను నాకింది, పిల్లను పట్టుకున్న వేళ్లనూ నాకింది. రూతమ్మ ఆ చేతులు వెనక్కి తీసుకోలేదు. అప్పుడు ఏడ్చింది.